చూపు తగలని ఇల్లు

ముద్ద కలుపుతూ కలుపుతూనే పైడమ్మ నిద్రలోకి జారిపోయింది. పులుసు అంటిన వేళ్ళు కంచంలోనే ఉన్నాయి, తల మాత్రం గోడకి ఆనుకుపోయింది. కుడిచెవి వెనక ఎరుకపూస నీలంగా వెలిగి, పని చక్కబెట్టేశానన్నట్టు ఒకసారి మినుక్కుమని, మళ్ళీ మామూలు రంగులోకి వచ్చేసింది.

దాలినాయుడు చెంబుతో నీళ్ళు తెచ్చి చెల్లెలి చెయ్యి కంచంలోనే కడిగాడు. ఆమెని చాప మీదకి చేర్చి, గిన్నెలో మిగిలిన అన్నం మీద మూత పెట్టాడు. బయట ఇంకా వెలుగుంది, సందులో పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. ఇలా పొద్దుండగానే, తింటూ తింటూ ఒరిగిపోవడం ఈమధ్య రోజూ జరుగుతోంది. జీడిపిక్కల మిల్లులో మాత్రం పైడమ్మ చురుగ్గా ఉంటుందనీ, పొట్టు తీసే ఆడవాళ్ళందరినీ నవ్వించి చంపుతుందనీ పక్కింటి ఎర్రమ్మ చెప్పింది. చెప్పిన తీరు అతనికి నచ్చలేదు. ఇంటికొచ్చేసరికే ఏటవుతాదో మరి అంటూ ఆమె అతని మొహంలోకి కాక, అందులో ఏదో కలిపాడన్నట్టు పొయ్యి మీది పులుసు గిన్నెలోకి చూసింది.

ఎరుకపూసలు వచ్చాక పలాసలో ఒకర్నొకరు ఒంట్లో ఎలాగుందని అడగడం మానేశారు. అడిగేదేముంది, చెవి వెనక్కి చూస్తే సరి. జబ్బు రాకముందే పూసకి తెలుస్తుంది. నరాల్లో, నెత్తురులో పుట్టే చిన్న తేడాని పసిగట్టడమే కాక, చుట్టుపక్కల మాటలూ చప్పుళ్ళూ అడుగుల సడీ అన్నీ వింటూ, దేని వెనక ఏది వస్తుందో సొంతంగా నేర్చుకుంటూ పోతుంది. గుండె పట్టబోయే మనిషి కోసం పట్టకముందే ఆసుపత్రి బండి వచ్చి గుమ్మంలో ఆగుతుంది. మూర్ఛ రాబోయే మనిషికి పూస ‘నిమ్మళం’ ఇస్తుంది. నిమ్మళం అంటే మాత్ర కాదు, సూదీ కాదు. పూసలోంచి మెదడుకి పోయే సన్నటి అల. తల్లి జోకొట్టినట్టు ఎగసిన నరాల్ని జోకొడుతుందని, పూసలు పెట్టే ఎరుక కేంద్రం వాళ్ళు చెబుతారు. మనిషి కాస్త మత్తుగా అయిపోతాడు, అంతే. పడిపోడు, నాలుక కరుచుకోడు, నలుగురిలో నవ్వులపాలు కాడు.

ఈ భాగ్యాలేవీ లేని రోజుల్లో పైడమ్మకి పూస అన్నగారే. పసితనం నుంచీ మూర్ఛ ఆమెకి. తల్లి పోయాక పిల్ల అతని చేతికొచ్చింది. మూర్ఛ మూలంగా బడి మానేసింది ఆమె కాదు, అతను. ఆమె మెట్లు దిగుతుంటే తను ఒక మెట్టు కింద ఉండేవాడు. ఆమె పొయ్యి దగ్గర కూర్చుంటే మంటకీ మనిషికీ మధ్య కూర్చునేవాడు. పెళ్ళిచూపుల్లో చెల్లెలి సంగతి దాచకుండా చెప్పేవాడు. ఆమె సంబంధాలూ పోయాయి, వాటితోపాటు అతనివీ పోయాయి. దాచమని సలహా ఇచ్చిన పెద్దమనుషులతో జన్మలో మళ్ళీ మాట్లాడలేదు.

మూర్ఛ వచ్చే ముందు పైడమ్మ కళ్ళు ఎటో నిలబెట్టి, పుల్లటిదేదో నోట్లో ఉన్నట్టు పెదాలు చప్పరించేది. అది ఇంకెవరి కంటికీ ఆనేది కాదు. అతను గబగబా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, భుజం మీద చెయ్యేసి “కూకో అమ్మా, కూకో” అనేవాడు. ఆమె ఉన్నచోటే కూలబడేది. కూర్చున్న మనిషికి పడ్డా తల పగలదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, చేతిలో తాళంగుత్తి పెట్టడానికి ఎగబడేవాళ్ళని కసిరి, నోట్లో ఏమీ కుక్కనివ్వకుండా, తెలివి వచ్చేదాకా పక్కనే ఉండేవాడు.

ఆ బతుకు మీదకి పూస వచ్చింది. పెట్టిన కొత్తలో కొన్నాళ్ళు అది దేన్నీ ఆపదు, ఊరికే చూసి నేర్చుకుంటుందన్నారు. ఆ నెలల్లో వచ్చిన మూర్ఛలన్నీ అది చూసింది. తర్వాత ఒక్కదాన్నీ రానివ్వలేదు. పూస నమ్మకమైనదని తేలాకే మిల్లువాళ్ళు పైడమ్మకి పనిచ్చారు. పిక్కలు కాల్చడం, కొట్టడం అన్నీ యంత్రాలే చేస్తున్నా, పప్పు గుండు విరక్కుండా పొట్టు తియ్యడం వాటికి ఇంకా చేతకాలేదు. మొదటిరోజు పైడమ్మ అన్నం కేరేజీ పట్టుకుని ఒక్కర్తే వీధి మలుపు తిరిగి వెళ్ళిపోతుంటే, దాలినాయుడు గుమ్మంలో నిలబడి ఏం చెయ్యాలో తెలీని మనిషిలా రెండు చేతులూ చూసుకున్నాడు.

ఇప్పుడీ మత్తు. ఎరుక కేంద్రం వాళ్ళే అన్నాచెల్లెళ్ళిద్దర్నీ పిలిపించారు. అక్కడి నిపుణురాలు సంయుక్త మర్యాద తెలిసిన మనిషి, కుర్చీలు తనే లాగి వేసింది. పైడమ్మకి మిల్లులో నిమ్మళం దాదాపు అందడమే లేదనీ, ఇంట్లో మాత్రం రోజుకి చాలాసార్లు అందుతోందనీ చెప్పింది. కారణం వెతికితే ఒక మాట దొరికిందట.

“మీరు ఈవిడని తరచూ ‘కూకో’ అంటుంటారా?” అని అడిగింది.

“అందర్నీ అంటానమ్మా. ఇంటికొచ్చిన మనిషిని నిలబెట్టీసి మాటాడతామేటి?”

సంయుక్త నవ్వలేదు. పూస నేర్చుకున్న రోజుల్లో, వచ్చిన ప్రతి మూర్ఛకీ ముందు ఆ మాటే ఉందని మెల్లగా వివరించింది. అందుకని పూస లెక్కలో ఆ మాటే ప్రేరకం, అంటే మూర్ఛని రప్పించేది. ‘కూకో, కూడు తిను’ అని అతను అన్నప్పుడల్లా అది ఉలిక్కిపడి నిమ్మళం ఇచ్చేస్తోంది.

దాలినాయుడికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీలో ముందుకు జరిగాడు.

“అది వస్తన్నాదని నాకు తెలిసి అన్నాను తల్లీ. నాననబట్టి అది రాలేదు.”

“నాకు తెలుసండీ. దానికి తెలీదు. ఏది ముందో, ఏది వెనకో మాత్రమే దానికి తెలుస్తుంది.”

ఆ ఒక్క మాటా తీసెయ్యలేరా అంటే, నేర్చుకున్నదంతా ఒకటే ముద్ద, అందులోంచి ఒక మెతుకు ఏరలేమని చెప్పింది. తుడిస్తే అంతా తుడవాలి. అప్పుడు పూస మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాలి, నేర్చుకోవాలంటే మళ్ళీ నెలల తరబడి మూర్ఛలు రావాలి. అన్నాళ్ళూ మిల్లు గడప తొక్కనివ్వరు, ఆ తర్వాత తీసుకుంటారో లేదో చెప్పలేం. లేదంటే అన్నగారే మాట మార్చుకోవాలి.

“మారుస్తాను” అన్నాడు దాలినాయుడు, చెల్లెలు నోరు తెరవకముందే. పైడమ్మ కూడా సరేనంది. మిల్లంటే ఆమెకి ప్రాణం.

ఆ పూట నుంచి అతను ‘కూర్చో’ అనడం మొదలుపెట్టాడు. ఏటన్నా మేస్టారిలా మాటాడతన్నావని ఆమె నవ్వింది. నవ్వుతూనే నిద్రపోయింది. మాట పూర్తిగా మానేశాడు. భుజం మీద చెయ్యి పడితే నిమ్మళం. చెయ్యి మానేశాడు. గబగబా నడిచి వస్తే నిమ్మళం. నడక మార్చాడు. చివరికి పలకకుండా, కదలకుండా ఊరికే ఆమెకేసి చూస్తూ నిలబడినా పూస నీలంగా వెలగసాగింది. మళ్ళీ కేంద్రానికి వెళ్ళి అడిగితే, పరీక్షగా చూసేటప్పుడు మీకు ఊపిరి బిగుసుకుంటుంది, అది పూస వింటుంది అన్నారు. భయంతో అతను ఏం చేసినా పూసకి ఒకటే. అది నేర్చుకున్నది మాటని కాదు. అతన్ని.

ఒకరోజు పైడమ్మే అంది. తప్పు పడుతున్నట్టు కాదు, ఎండ కాస్తోందన్నంత మామూలుగా అంది. “నువ్వు నన్ను సూసినప్పుడల్లా నాకు నిద్దరొస్తన్నాదన్నా.”

అప్పట్నుంచి అతను చూడటం మానేశాడు.

చూడకుండా ఉండటం కూడా పనే, నేర్చుకుంటే వస్తుంది. గోడకేసి తిరిగి అన్నం తినేవాడు. ఆమె గుమ్మంలో అడుగు పెడితే పెరట్లోకి నడిచేవాడు. అద్దంలో ఆమె పడకుండా అద్దాన్ని వేరే గోడకి మార్చాడు. పెదాలు చప్పరిస్తోందేమోనన్న ఆలోచన లేచినప్పుడల్లా దాన్ని అక్కడే నొక్కేసి, కప్పు రేకుల మీది తుప్పు గురించో, మర్నాడు తేవలసిన కిరాణా గురించో ఆలోచించేవాడు. మొదట్లో మెడ నరాలు లాగేవి, తల తిప్పకుండా పట్టి ఉంచడానికి. పోను పోను లాగడం మానేశాయి.

పూస నెగ్గింది. పైడమ్మ పూర్తి తెలివితో అన్నం తినేది, పాటలు పెట్టుకునేది, మిల్లు కబుర్లు అతని వీపుకి చెప్పేది. ఊఁ కొట్టేవాడు. కొన్నాళ్ళకి కబుర్లు తగ్గాయి. అన్నాచెల్లెళ్ళకి పడటం లేదని వీధిలో అనుకున్నారు. ఎర్రమ్మ అయితే, ముసలాడికి సాకిరీ బరువైపోనాది పాపం అని అతను వినేలాగే అంది. అతనికి యాభై కూడా నిండలేదు. పోనీ అనుకున్నాడు. చెల్లెలు మెలకువగా ఉంది, అది చాలు. ఇలా రెండు వానాకాలాలు గడిచాయి.

మూడో వానాకాలంలో ఒక పొద్దున్న అతను గోడకేసి నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. వెనక పెరట్లో కుళాయి దగ్గర పెద్ద చప్పుడైంది. బకెట్ దొర్లింది. పైడమ్మ పాచి మీద కాలు జారి గట్టు మీద పడింది. మూర్ఛ కాదు. ఒంట్లోంచి పుట్టేదాన్ని పూస ఆపగలదు గానీ, పాచి సంగతి దానికేం తెలుసు?

చప్పుడు అతను విన్నాడు. గీస్తున్న చెయ్యి ఆగలేదు. బ్లేడు చెంప మీంచి గడ్డం కిందిదాకా వెళ్ళింది, అతను దాన్ని నీళ్ళలో కడిగాడు కూడా.

“పడ్డావేటి?” అన్నాడు గోడతో.

“పడ్డాను.”

“తగిలిందా?”

“మణికట్టు ఇరిగినట్టుంది.”

“ఎర్రమ్మని పిలవనా?”

అతను జవాబు కోసం ఎదురుచూస్తూ అలాగే నిలబడ్డాడు. తిరగకూడదని తనని తాను ఆపుకోవడం లేదు. తిరగాలనే అనిపించలేదు. ఆ సంగతి అతనికి తెలిసి బ్లేడు కింద పెట్టేలోపు, వెనకనించి పైడమ్మ గొంతు వచ్చింది. అందులో ఏడుపు లేదు.

“అన్నా, మూర్ఛ ఉన్న రోజుల్లో నానెప్పుడూ ఒక్కర్తినే పడలేదు.”

చేతికి కట్టు కట్టించుకున్న రోజే ఆమె పూసని తుడిపించేస్తానంది. దాలినాయుడు గోడకేసి తిరిగే చాలాసేపు వాదించాడు. మిల్లు పోతుందన్నాడు. స్నేహితురాళ్ళు దూరమవుతారన్నాడు. మళ్ళీ వీధిలో పడితే అందరూ చుట్టూ మూగుతారనీ, ఇప్పటి జనానికి పడ్డ మనిషిని పట్టుకోవడం కూడా తెలీదనీ అన్నాడు. అన్నీ నిజాలే. తనకి వయసు మళ్ళుతోందన్నాడు, అదీ నిజమే.

“మిల్లు పోతే పోనీ. ఏడుపొస్తాది, ఏడుస్తాను” అంది పైడమ్మ. “నీ ఈపుతో ఎన్నాళ్ళు మాటాడమంటావు?”

ఎరుక కేంద్రంలో సంయుక్త మరోసారి అన్నీ విడమరిచి చెప్పింది. మూర్ఛలు తప్పకుండా వస్తాయి, మొదటిది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు, మాత్రలు మానకూడదు, మెట్ల దగ్గరా మంట దగ్గరా జాగ్రత్త. ఆ తర్వాత, తన వృత్తిలో లేని మాటొకటి అంది. అది నేర్చుకునే నెలల్లో మీ అన్నగారిని దూరంగా ఉంచితే మంచిదేమో, ఈసారి పూస ఆయన్ని పక్కన చూడకుండా నేర్చుకుంటుంది కదా అని. పైడమ్మ తల అడ్డంగా ఊపింది. అది నేర్చుకుంటే నేర్చుకుంది, లేకపోతే లేదు, మనిషి మాత్రం పక్కనే ఉండాల అంది.

తుడవడానికి పెద్దసేపు పట్టలేదు. పూసలో రంగు పోయి, గాజుముక్కలా తెల్లబడింది. ఇప్పుడు దానికి పైడమ్మ ఎవరో తెలీదు.

దాలినాయుడు ఎదురు కుర్చీలో, ఒళ్ళో చేతులు పెట్టుకుని, నేలమీది పలకల మధ్య గీతలు చూస్తున్నాడు. అయిపోయిందని చెప్పినా తల ఎత్తలేదు. ఎత్తడం ఎలాగో మెడ మరిచిపోయినట్టుంది.

“సూడన్నా” అంది పైడమ్మ.

అతను కాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి, చీర కుచ్చిళ్ళు, కట్టు కట్టిన చెయ్యి, ఎముక తేలిన మెడ, ఒక్కొక్కటే దాటుకుంటూ మొహం దాకా వచ్చాడు. ఊపిరి బిగుసుకుంది. ఆమె కళ్ళు మూతపడలేదు. తెరిచే ఉన్నాయి, అతన్నే చూస్తున్నాయి. కణతల మీద, పాపిట పక్కన, వెంట్రుకలు తెల్లగా మెరుస్తున్నాయి.

“ఏటలా సూస్తన్నావు?”

“జుత్తు నెరిసిందే నీకు” అన్నాడు అతను.

పైడమ్మ బాగున్న చేత్తో పాపిట తడుముకుంది.

“ఎప్పుడో నెరిసిందన్నా” అంది.