ఖాళీ ట్యాంకులో చప్పుడు

ఆ సబ్‌స్టేషన్ పేరు చెప్పను. మా ఇంట్లో ఫ్యాను తిరిగేది ఇప్పటికీ దాని దయ వల్లే. గరివిడి నుంచి నెల్లిమర్ల వైపు వెళ్లే దారిలో ఉంది, అంతవరకు చాలు. అందులో మూడు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయి. ఒక్కోటీ రెండు గదుల ఇల్లంత ఉంటుంది. పొద్దు వాలితే మూడోదాని దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్లరు.

ఎందుకంటే — అది తడుతుంది.

టక్... టక్... టక్. లోపల్నుంచి. తలుపు వేసేస్తే బయటికి రాలేని మనిషి తట్టినట్టు.

పదకొండేళ్ల కిందట అందులో లక్ష్ముడనే ఫిట్టరు చచ్చిపోయాడు. మరమ్మతు కోసం నూనె తోడేసిన ట్యాంకులోకి సాయంత్రం దిగాడట. అతను లోపలున్న సంగతి తెలియక ఎవరో పైన మూత బిగించేశారట. తెల్లారి తీసి చూస్తే ఊపిరాడక పోయి ఉన్నాడట. అప్పట్నుంచీ ఈ చప్పుడు.

వాచ్‌మన్ తిరుమలరావు అప్పుడూ అక్కడే ఉన్నాడు, ఇప్పుడూ ఉన్నాడు. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఒకటే మాట చెప్పేవాడు.

"సప్పుడు ఇనబడితే తిరిగి తట్టకండి బాబూ. ఆడికి జవాబిచ్చినామంటే ఆడు లోపలికి పిలుస్తాడు."

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. దెయ్యం మాటెత్తితే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. సబ్‌స్టేషన్ గేటు ఎదురుగా తవిటమ్మ టీ బడ్డీ ఉంది. అక్కడ కూర్చుని ఓ సాయంత్రం తిరుమలరావుకి పాఠం మొదలుపెట్టాను. ఎక్కడో పుట్టిన కరెంటు లక్ష వోల్టుల పైన జోరుతో వస్తుంది, దాన్ని మన ఊళ్లు తట్టుకునేంతగా దించేది ఇదే అన్నాను. లోపల ఇనుప రేకుల దొంతర, దాని చుట్టూ కాగితం చుట్టిన రాగి తీగలు, అవన్నీ ములిగేలా నూనె. ఆ నూనె తీగల వేడిని మోసుకుపోయి పక్కనున్న రెక్కల్లో చల్లార్చుకుంటుంది. తీగకీ తీగకీ మధ్య నిప్పు ఎగరకుండా అడ్డం నిలుస్తుంది కూడా. రాత్రి వాడకం తగ్గాక నూనె చల్లబడుతుంది, దాంతో పాటు ఇనుప రేకు ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడు టక్కుమంటుంది. "అంతే! లక్ష్ముడూ లేడు, ఎవడూ లేడు."

తిరుమలరావు గ్లాసులో మిగిలిన టీ నేల మీద పారబోశాడు. తవిటమ్మ బజ్జీలు తిప్పుతూ ఒక్క మాట అంది.

"మా మూకుడూ అంతే మాస్టారూ. పొయ్యి దించినాక టిక్కుటిక్కుమంటాది."

క్లాసులో అరవై మంది ఉంటే ఒక్కడూ ఇంత తొందరగా పట్టుకోడు. నాకు చెప్పలేనంత సంతోషమేసింది. ఆ పాఠం ఏ పనికొస్తుందో అప్పుడు నాకేం తెలుసు.

ఇక అసలు సంగతి. ఇది నేను చూసింది కాదు. సగం తవిటమ్మ చెప్పగా, సగం ఈశ్వర్ చెప్పగా విన్నది.

కిందటేడు తుపానుకి మూడో ట్రాన్స్‌ఫార్మర్ నూనెలోకి తేమ చేరింది. దాన్ని ఆపేశారు. మిగతా రెండూ మొత్తం బరువు మొయ్యలేవని ఊళ్లకి వంతులవారీగా కరెంటు ఇచ్చారు. కాంట్రాక్టరు తరఫున సూపర్‌వైజరు హరిబాబు మనుషుల్ని వేసుకుని దిగాడు. వాళ్లలో ఒకడు ఈశ్వర్.

ఈశ్వర్‌ది భోగాపురం వైపు సముద్రపు ఒడ్డు ఊరు. తండ్రి సూరయ్య వేటకెళ్లి తిరిగి రాలేదు. అందుకే తల్లి లక్ష్మణమ్మ కొడుకుని పడవెక్కనివ్వలేదు, కరెంటు పని నేర్చుకోమంది. తీరా కరెంటంటే సముద్రం కన్నా భయమేసి, దండకి రాగి తాయెత్తు కట్టింది.

ట్యాంకులోకి దిగే పనికి ఒక పద్ధతుంది. లోపలికి వెళ్లే మనిషి జేబులు ఖాళీ చెయ్యాలి. ఫోను, ఉంగరం, వాచీ, గొలుసు, మొలతాడుకి బిళ్ల ఉంటే అదీ — అన్నీ పళ్లెంలో పెట్టాలి. పానా పట్టుకెళ్తే దానికి నాడా కట్టి ముంజేతికి ముడెయ్యాలి. ఏం లోపలికెళ్లాయో రాస్తారు, బయటికొచ్చాక సరిచూస్తారు. ఒక్క చిన్న మేకు తీగల మధ్య మిగిలిపోయినా కరెంటు వదిలిన క్షణాన మొత్తం పేలిపోతుంది. చివరిగా, చెప్పులు నిచ్చెన కింద విడవాలి. నిచ్చెన కింద చెప్పులున్నాయంటే లోపల మనిషి ఉన్నట్టు. అవి ఉన్నంతసేపూ మూత మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. ఈ ఆఖరి పద్ధతి లక్ష్ముడు పోయాక వచ్చింది.

ఈశ్వర్ అన్నీ పళ్లెంలో పెట్టాడు. తాయెత్తు మాత్రం చొక్కా చేతి కిందికి తోసేశాడు. అమ్మ కట్టింది విప్పితే అక్కడ అమ్మకి తెలిసిపోతుందని వాడి నమ్మకం. ఇరవై ఆరేళ్ల మనిషి!

సాయంత్రానికి పని అయిపోయింది. లెక్క సరిపోయింది. ఎనిమిదింటికి పంపు పెట్టి ట్యాంకులోని గాలంతా లాగేస్తారు, తేమ పోతుంది, ఆ తర్వాత నూనె నింపుతారు. టిఫిన్లు తెమ్మని హరిబాబు ఈశ్వర్‌ని గరివిడి పంపాడు. బండి దగ్గరికెళ్లి చేతులు తుడుచుకుంటుంటే — దండకి తాయెత్తు లేదు.

ఎక్కడ పడిందో వాడికి తెలుసు. చెప్తే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే... రేపు కరెంటు వదిలినప్పుడు మూత దగ్గర నిలబడి ఉండేది తన తోటివాళ్లే.

రెండు నిమిషాల పనే కదా అనుకున్నాడు. ఎవరూ చూడకుండా టార్చి ముంజేతికి కట్టుకుని, చెప్పులు విడిచి, నిచ్చెనెక్కి లోపలికి దిగాడు. ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు.

అప్పుడే వాన మొదలైంది.

టీ గ్లాసులు ఏరడానికి వచ్చిన తవిటమ్మ నిచ్చెన కింద చెప్పులు తడిసిపోతుండడం చూసింది. పని అయిపోయిందిగా, పాపం ఎవరో మరిచిపోయారనుకుని తీసుకెళ్లి షెడ్డు చూరు కింద పెట్టింది. ఆ వెనకే హరిబాబు పరుగెత్తుకొచ్చాడు. తెరిచిన ట్యాంకులో వాన చుక్క పడితే వారం రోజుల పని గంగపాలు. నిచ్చెన కిందకి చూశాడు. చెప్పుల్లేవు.

"ముయ్యండి, ముయ్యండి!"

ఈశ్వర్ అప్పటికి అవతలి మూలలో ఉన్నాడు. ఒక పక్క ట్యాంకు గోడ, ఇంకో పక్క తీగ చుట్టలు. మధ్యలో మనిషి అడ్డంగా తిరిగితేనే పట్టే సందు. ఒళ్లంతా నూనె జిడ్డు. అడుగున, దిమ్మ పక్కన, తాయెత్తు కనబడింది. వంగి అందుకున్నాడు.

పైనున్న వెలుతురు పోయింది.

ధన్‌మని మూత. ఆ మీద మరలు బిగిస్తున్న చప్పుడు... ఒకటి... రెండు... మూడు...

"అన్నా! నాను లోపలున్నాను! అన్నా!"

వాన రేకు మీద కురుస్తోంది. బయట నూనె శుద్ధి చేసే యంత్రం హోరుమంటోంది. వాడి కేక వాడి చెవులకే తిరిగొచ్చింది. సందులోంచి ఈడ్చుకుంటూ మూత కిందికి చేరేసరికి అడుగుల చప్పుడు నిచ్చెన దిగి వెళ్లిపోయింది.

గోడ మీద పిడికిలితో గుద్దాడు. అంత మందపాటి ఇనుము, కండకి పలకలేదు. జేబులో ఏమీ లేదు. పళ్లెంలో పెట్టి వచ్చాడుగా! ఉన్న గట్టి వస్తువు టార్చి ఒక్కటే. దాంతో కొడితే దీపం పోతుంది. వాడు కాసేపు ఆ వెలుగునే చూస్తూ ఉండిపోయాడు.

తర్వాత కొట్టాడు.

టక్... టక్... టక్.

మూడో దెబ్బకి చీకటైపోయింది.

బయట కాళ్లు ఆగాయి. ఈశ్వర్ చెవి గోడకి ఆనించాడు. మనుషులున్నారు... వింటున్నారు... ప్రాణం లేచొచ్చింది. మళ్లీ కొట్టాడు.

"ఓలమ్మో... లక్ష్ముడు!" తిరుమలరావు గొంతు. "జవాబివ్వకండి! ఎల్లిపోండి, ఎల్లిపోండి!"

బురదలో పరుగులు. తర్వాత ఒట్టి వాన.

వాడికి అప్పుడు తెలిసింది. చప్పుడు వినబడుతోంది. వినబడుతోంది కాబట్టే ఎవరూ రారు. ఎంత గట్టిగా కొడితే అంత దూరం పోతారు. బయట తనున్నా అలాగే పరుగెత్తేవాడు మరి. వాడు చీకట్లో తాయెత్తు గుప్పిట పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆ మాట వాడే నాకు చెప్పాడు, సిగ్గుపడకుండా.

కంట్రోల్ రూములో అందరూ ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. ఒకడు అగరొత్తి వెలిగించాడు. హరిబాబు డిప్లొమా చదివినవాడు. పైకి ధైర్యంగానే ఉన్నాడు కానీ మూడోదాని వైపు కిటికీ మూసేశాడు.

"పంపు ఇప్పుడే ఏసేద్దాం. ఆ హోరులో ఏటీ ఇనబడదు. తొందరగా నూనె పోసెత్తే పీడా పోతాది."

గంట ముందే పంపు వేశారు.

లోపల ఈశ్వర్ చెవులు పట్టేశాయి. ముందు ఏమిటో తెలియలేదు. ఆవలించబోతే చెవిలో ఫట్‌మంది. అప్పుడు తెలిసింది — గాలి లాగేస్తున్నారు. ఇంకెంతసేపో వాడికి తెలుసు, ఆ పంపుని వాడే రెండుసార్లు నడిపాడు. టార్చితో కొడుతూనే ఉన్నాడు. చెయ్యి బరువెక్కుతోంది.

తవిటమ్మ టీ కేను పట్టుకుని కంట్రోల్ రూములోకి వచ్చింది. అందరి మొహాలూ చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏటయినాది? అలగున్నారేటి?"

"లక్ష్ముడు," అన్నాడు తిరుమలరావు, గొంతు తగ్గించి. "ఊరుకోడం నేదు. తెగ కొడతన్నాడు."

"నూనె పోసీసినారేటి?"

"నేదు. ట్యాంకు కాళీయే."

తవిటమ్మ కేను కింద పెట్టింది.

"కాళీ ట్యాంకు ఎందుకు కొట్టుకుంటాది? నూనె కాగి సల్లారితే టక్కుమంటాదని మాస్టారు సెప్పినారు గదా. పొయ్యెక్కని మూకుడు ఎక్కడైనా టిక్కుమంటాదా?"

ఆమె చూపు అందరి కాళ్ల మీదికి పోయింది. అందరి చెప్పులూ అందరికీ ఉన్నాయి.

"ఈశ్వరుడేడి?"

"టిఫినుకి ఎల్లినాడు."

"ఆడి బండి ఇక్కడే ఉన్నాది..." ఆమె గుమ్మంలోంచి షెడ్డు వైపు చూసింది. "ఓలమ్మ... ఆ సెప్పులు! నిచ్చెన కాడ సెప్పులు... తడుస్తన్నాయని నానే తీసీసినాను!"

హరిబాబు పంపు ఆపడానికి పరుగెత్తాడు. తవిటమ్మ వానలో ట్యాంకు దగ్గరికెళ్లి, నేల మీదున్న పానా అందుకుని, ఇన్నేళ్లుగా ఎవరూ చెయ్యని పని చేసింది. తిరిగి తట్టింది.

టక్. టక్. టక్.

జవాబు లేదు.

మళ్లీ తట్టింది. చెంప ట్యాంకుకి ఆనించి వింది. వాన... వాన...

టక్.

ఒక్కటి. చాలా నెమ్మదిగా.

ముందు గాలి లోపలికి వదిలారు. తర్వాత ఒక్కో మరా విప్పారు. ఈశ్వర్‌ని చంకల కింద పట్టుకుని పైకి లాగితే, వాడి గుప్పిట విప్పడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. లోపల తాయెత్తు ఉంది. హరిబాబు బురదలో చతికిలబడి దణ్ణం పెట్టాడు, ఎవరికో.

అందరూ ఏడుస్తూ నవ్వుతుంటే తిరుమలరావు మాత్రం నిచ్చెన పట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నాడు. తవిటమ్మ వెళ్లి భుజం తట్టింది.

"బతికీసినాడు గదా మావా. ఇంకేటి?"

"ఆ రేత్రీ కాళీయే తవిటమ్మా."

"ఏ రేత్రి?"

"లక్ష్ముడు పోయిన రేత్రి." ఆయన ట్యాంకు వైపే చూస్తున్నాడు. "సప్పుడు అప్పుడూ ఇనబడినాది. శానాసేపు ఇనబడినాది. నూనె సల్లారితే అలగే అంటాదని ఇంజినీర్లు సెప్పినారు గదా... అదే అనుకున్నాను. దుప్పటి కప్పుకుని పడుకున్నాను. తెల్లారి ఆడిని తీసినాక ఎవులికీ సెప్పలేదు. దెయ్యమని సెప్పినాను."

నాకు ఇదంతా తెలిసేసరికి రెండు నెలలైంది. విన్నాక మూడు రోజులు సరిగా నిద్ర పట్టలేదు. ఒకే పాఠం. తవిటమ్మ చేతిలో పడి మనిషిని బతికించింది, తిరుమలరావు చేతిలో పడి మనిషిని చంపింది. పాఠం చెప్పేవాణ్ణి, నాకు తప్పు ఎవరి మీద వెయ్యాలో తెలియలేదు.

మొన్న జూన్‌లో ఓ సాయంత్రం టీకి వెళ్లాను. గేటు లోపల తిరుమలరావు మూడో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పొద్దు వాలిపోయింది. దగ్గరికి వెళ్లాను.

టక్... టక్... టక్.

ఆయన చేతికర్ర ఎత్తి ట్యాంకు మీద మెల్లగా మూడుసార్లు తట్టాడు.

పక్కన నిలబడి మెల్లిగా అన్నాను. "తిరుమలరావు గారూ... అది నూనె చల్లారుతున్న చప్పుడే. మీరు ఇలా రోజూ..."

ఆయన నా వైపు తిరిగాడు. ముఖంలో భయం లేదు.

"నూనె మొన్ననే తోడీసినారు మాస్టారూ. ఎక్కడో కారతన్నాదని. మూత తీసే ఉన్నాది. ఇందాకే నాను దిగి, దీపమేసి, మూలమూలా సూసొచ్చినాను. ఎవులూ నేరు."

మళ్లీ లోపల్నుంచి... టక్... టక్... టక్.

తిరుమలరావు మళ్లీ కర్ర ఎత్తాడు.

"జవాబిస్తే మనదేటి పోతాది బాబూ?"