దుప్పటి మీద చింతగింజ

సర్దార్ ఇంటి వాకిట్లో పాత దుప్పటి పరిచాడంటే, లోపల మైమూన్ బీ సబ్బు నీళ్ళు కలపాల్సిందే. బండి నుంచి విప్పిన ఇనుప సామాన్లు ఆయన కిరసనాయిలుతో కడుగుతాడు. రబ్బరుకు కిరసనాయిలు తగిలితే ఉబ్బిపోతుంది కాబట్టి రబ్బరు సామాన్లు భార్యకిస్తాడు. ఇచ్చిన ప్రతిదానికీ గుర్తుగా దుప్పటి మీద దాని చోట ఒక చింతగింజ పెడతాడు, అది తిరిగొచ్చాకే గింజ తీస్తాడు. మదనపల్లెలో తన మెకానిక్ షెడ్డు మూసేసి రెండేళ్ళయినా ఈ ఒప్పందం మారలేదు. మైమూన్ బీ సణుగుతూనే ఉంటుంది, కడుగుతూనే ఉంటుంది.

ఆ ఆదివారం పొద్దున వచ్చింది పుంగనూరు ఉమాపతి కారు. ఆయన రిటైరైన పంతులు, సర్దార్‌ను తప్ప ఇంకొకరిని బండి ముట్టుకోనివ్వడు. ముందు చక్రాల షాకబ్జర్లకు తొడిగిన రబ్బరు బూట్లు చిరిగిపోయాయి. లోపలి కడ్డీకి దుమ్ము పట్టకుండా కాపాడేవి అవే. మర్నాడు కుప్పంలో కూతురింటికి వెళ్ళాలి, సాయంత్రానికి బండి కావాలన్నాడాయన.

కుప్పం మాట వినగానే సర్దార్ ముఖం ముడుచుకుంది. కూతురు జబీన్‌కు ఆ ఊళ్ళోనే, ఒక కార్ల షెడ్డులో, మెకానిక్ పని దొరికింది. సోమవారమే చేరాలి. డిప్లొమా చదివించిన తండ్రే ఇప్పుడు నాలుగు రోజులుగా వద్దంటున్నాడు. ఎందుకని అడిగితే ఎడమచేతి ఉంగరపు వేలు చూపిస్తాడు. అది సగమే ఉంటుంది. జబీన్ పుట్టిన ఏడాది ఒక స్ప్రింగు ఎగిరి మిగతా సగం తీసుకుపోయింది.

“కూచోని బిల్లులు రాస్తానంటే ఇప్పుడే పంపిస్తా. స్ప్రింగుల జోలికి పోతానంటే మాత్రం వద్దు బేటీ,” అన్నాడు షాకబ్జరు విప్పుతూ.

ఈ ఒక్కటి నేను బిగిస్తాను, చూసి చెప్పమని జబీన్ అడిగింది. స్పానర్లు అందిస్తే చాలన్నాడు. ఆమె మూతి ముడుచుకుని అందించింది. ఇద్దరిదీ ఒకే మొండితనం, ఎవరిని చూసి ఎవరు నేర్చుకున్నారో మైమూన్ బీకి మాత్రమే తెలుసు.

సర్దార్ రెండు క్లాంపులతో స్ప్రింగును నొక్కిపెట్టి, పైనున్న నట్టు తీసి, చిరిగిన బూటు లాగేశాడు, దాని లోపలి బంపు రబ్బరును కడగడానికి పంపాడు. కడ్డీకి కొత్త బూటు తొడిగి మళ్ళీ నట్టు బిగించాడు. ఇక క్లాంపులు వదిలేయబోతుంటే జబీన్ చూపు దుప్పటి మీద పడింది. జిడ్డుకు నల్లబడిన ఆ గుడ్డ మీద ఒక చింతగింజ ఇంకా అలాగే ఉంది.

ఆమె గబుక్కున క్లాంపు మీద చెయ్యి వేసి ఆపింది. ఉమాపతి అక్కడే కుర్చీలో పేపరు చదువుతున్నాడు. “అమ్మీ, సారుకు లోపల టిఫిన్ పెట్టు,” అంది. మైమూన్ బీ కూతురి ముఖం చూసి, మారు మాట్లాడకుండా ఆయన్ని లోపలికి పిలిచింది.

“అబ్బా, క్లాంపు వదలద్దు,” అంది తండ్రితో. “బంపు రబ్బరు యాడుండాది?”

“బూటు లోపలే ఉండాది. యాల?”

జబీన్ ఆయన చెయ్యి పట్టుకుని, వేళ్ళను దుప్పటి మీది గింజకు తాకించింది. బంపు రబ్బరు బట్టలుతికే బండ మీద, కుక్కరు రబ్బరు పక్కన, శుభ్రంగా ఆరుతోంది. అది లేకుండా బండి పంపితే గుంత వచ్చిన ప్రతిసారీ ఇనుముకు ఇనుము కొట్టుకునేది.

సర్దార్ గింజను మళ్ళీ మళ్ళీ తడిమాడు. “కనపళ్ళేదు బేటీ,” అన్నాడు చివరికి. “రంజానుకు ముందు నుంచీ మసగ్గానే ఉండాది. ఎవురికీ చెప్పలేదు.”

అంతసేపటి కోపం ఏమైపోయిందో, జబీన్‌కు కళ్ళనీళ్ళు ఆగలేదు. “ఇంత మసకలో స్ప్రింగులు బిగిస్తాండావా? నా వేళ్ళకు నువ్వు భయపడతావు. నీ వేళ్ళకు నేను భయపడకూడదా?”

సర్దార్ పక్కకు జరిగి స్పానరు ఆమె చేతిలో పెట్టాడు.

జబీన్ మళ్ళీ నట్టు విప్పింది. కడ్డీ తుడిచి రబ్బరు ఎక్కించి, బూటు అంచు గాడిలో కూర్చునేదాకా తోసింది. నట్టు బిగించి, క్లాంపులు ఇటొక చుట్టు, అటొక చుట్టు వదులుతూ వచ్చింది. సర్దార్ దగ్గరికి వంగి చూశాడు. కూతురు స్ప్రింగుకు ఎదురుగా కాకుండా, వారగా కూర్చుని ఉంది.

“అట్ల కూచోవాలని ఎవురు చెప్పినారు?”

“చిన్నప్పుడు నన్ను ఎదురుగా కూచోనిచ్చినావా నువ్వు? రెక్క పట్టుకోని పక్కకు లాగేస్తాంటివి కదా.”

సర్దార్ తల తిప్పుకుని భుజం మీది తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

రెండో వైపు కూడా ఆమే బిగించింది. సాయంత్రం ఉమాపతి బండిని వీధి చివరిదాకా తిప్పుకొచ్చి, నీ చెయ్యే చెయ్యి సర్దార్ అని మెచ్చుకున్నాడు. మామూలుగా ఆ మాటకు సర్దార్ మీసం దువ్వుకునేవాడు.

“నా చెయ్యి కాదు సార్. నేను రబ్బరు మరిచిపోతి. కనిపెట్టిందీ, బిగించిందీ మా జబీనే,” అన్నాడు. కాసేపు ఆగి, “రేపు కుప్పం పోతా ఈ బిడ్డను కూడా ఎక్కించుకోని పోండి సార్. ఆడ కొత్త పనిలో చేరతాండాది,” అన్నాడు.

గడపలో మైమూన్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రేపే కంటి డాక్టరు దగ్గరికి వెళ్తానంటేనే బండెక్కుతానంది జబీన్. సర్దార్ సరేనని తలూపి, వంగి తడుముకుంటూ దుప్పటి మీదే ఉండిపోయిన చింతగింజ తీశాడు. చొక్కాకు తుడిచి కూతురి అరచేతిలో పెట్టాడు.

“నాలుగేళ్ళు చేసినా, నలభై ఏళ్ళు చేసినా, గింజ పెట్టడం మరవద్దు,” అన్నాడు. “క్లాంపు తీసే ముందర దుప్పటిని చేత్తో తడిమి చూసుకో.”