ఆరో వరసలో వెలుగు

రాత్రి షిఫ్టులో తిండి గంట కొట్టాక ఆరో వరస వైపు ఎవరూ పోరు. మేవిస్ తిరుగుతుందని చెప్పుకునేవాళ్లు.

ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో బాంబర్ విమానాలకి రెక్కలు బిగించే షెడ్డు అది. రెండో ప్రపంచ యుద్ధకాలం కాబట్టి శత్రువిమానాలకి వెలుతురు కనపడకుండా కిటికీలన్నిటికీ నల్లరంగు. జనవరిలో మేవిస్ అనే పిల్ల అక్కడే పరంజా మీంచి పడి చచ్చిపోయింది. అప్పట్నుంచి, యంత్రాలూ దీపాలూ ఆపేసే ఆ అరగంటలో, చీకట్లో ఒక చిన్న వెలుగు కదిలేదట. గోళ్లతో గీకినట్టు చప్పుడు... గర్ర్... గర్ర్...

హెట్టీ క్లెగ్‌కి ఈ కబుర్లు ఒళ్లుమంట. పనిలో మేవిస్ ఆమె జంట. రెక్క బయట హెట్టీ రేకుల్ని కలిపే రివెట్టు మేకు కొడుతుంటే, లోపల ఇరుక్కుని పడుకుని ఇనపదిమ్మె అదిమిపట్టేది మేవిస్.

ఆ రాత్రి క్యాంటీన్లో కొత్తగా చేరిన ఐవీ గుసగుసగా అడిగింది.

"మేవిస్ తాగి పడిందట కదా? అందుకే ఆత్మకి శాంతి లేదట..."

"ఎవడన్నాడు?"

"మేస్త్రీ గ్రిమ్‌షా. అందరికీ చెప్తున్నాడుగా."

హెట్టీ టీ కప్పు ఠక్కున పెట్టింది. "బీరు వాసనకే కడుపులో తిప్పేది దానికి! పద్నాలుగు గంటలు ఏకధాటిగా పని చేయిస్తే కళ్లు తిరిగి పడింది."

లేచింది.

"ఎక్కడికి?"

"మేవిస్‌నే అడిగొస్తా."

రెండో వరస దాటింది... నాలుగో వరస దాటింది. తన అడుగుల చప్పుడే తనకి భయం పుట్టిస్తోంది. అయినా కోపం ముందుకి తోస్తోంది.

వెలుగు! రెక్క మీద పాకుతోంది. గర్ర్... గర్ర్...

"మేవిస్..."

వెలుగు ఆరిపోయింది. చీకట్లో ఎవరిదో ఊపిరి — దగ్గరగా, మరీ దగ్గరగా. చెయ్యి చాపింది. మణికట్టు దొరికింది. వెచ్చగా ఉంది... వెంట్రుకలున్నాయి.

పెనుగులాటలో టార్చి కిందపడి వెలిగింది. గ్రిమ్‌షా! చేతిలో చాకు. తనిఖీవాళ్లు చెడ్డ రివెట్ల చుట్టూ ఎర్రరంగుతో గీసిన సున్నాలు సగానికి పైగా గీకేసి ఉన్నాయి.

"మెల్లగా, హెట్టీ..." అన్నాడు. "తెల్లారేసరికి ఈ రెక్క పోవాలి. పైవాళ్లు నా ప్రాణం తీస్తున్నారు. ఒకటో రెండో రివెట్లు వదులైతే ఏమవుతుందమ్మా?"

"ఏమవుతుందా? నా మొగుడు ఈ విమానాల తోకలోనే తుపాకీ పట్టుకుని కూర్చుంటాడ్రా!"

ఆ కేకకి క్యాంటీన్లో ఆడవాళ్లంతా పరిగెత్తుకొచ్చారు.

"మెల్లగా అంటావా? రెక్క ఊడితే వాళ్లు మెల్లగా పడతారా? నీ దొంగపని ఎవరి కంటా పడకూడదని చచ్చినదాన్ని తాగుబోతుని చేశావు, దెయ్యాన్ని చేశావు!"

ఎవరూ గ్రిమ్‌షాని కదలనివ్వలేదు. ఐవీ ఎర్రరంగు డబ్బా తెచ్చింది. చెరిపిన చోటల్లా హెట్టీ మళ్లీ సున్నాలు చుట్టింది — మొత్తం నలభై మూడు. ఆ రెక్క ఇక గుమ్మం దాటదు.

చివరి సున్నా చుట్టి, బ్రష్షు చేతిలో ఉండగానే గ్రిమ్‌షా వైపు తిరిగింది. ఈసారి అరవలేదు.

"జనవరి నుంచి... ఇట్లా ఎన్ని రెక్కలు పంపావు?"

గ్రిమ్‌షా నేలచూపులు చూస్తూ వేళ్లు మడవడం మొదలుపెట్టాడు.

ఒక చెయ్యి అయిపోయింది...

రెండో చెయ్యి ఎత్తాడు.