ఆపరేషన్ తుప్పు పైపు

"పైపు నువ్వే మార్చాలి. కారు మాత్రం తగలబడకూడదు," అన్నాడు నిఘా విభాగం చీఫ్, తన ఏజెంటుతో.

సైన్యానికి సీక్రెట్ కోడ్ తయారుచేసే ప్రొఫెసర్‌కి ఓ పాతకాలపు కారుంది. అది తప్ప మరో బండి ఎక్కడు. దాని పెట్రోలు పైపు తుప్పు పట్టిందని, మార్పించడానికి కారు షెడ్డుకొస్తోందని విదేశీ ముఠాకి తెలిసింది. దాని బదులు బిగించడానికి వాళ్ళు తయారుచేసిన పైపు మధ్యలో ఓ అతుకుంది. ఇంజను వేడికి అది కరిగితే పెట్రోలు సైలెన్సర్ మీద పడుతుంది. పాత బండి, కాలిపోయింది పాపం అనుకుంటారు జనం.

ఏజెంట్ 'నత్త' అప్పటికే ఆ షెడ్డులో మెకానిక్ వేషంలో చేరాడు. డిపార్ట్‌మెంట్ క్రాష్ కోర్సు అతనికి పానా పట్టుకోవడం వరకే నేర్పింది. అయినా షెడ్డు యజమాని మేస్త్రీ ఆరా తీయకుండా పనిచ్చాడు. మధ్యాహ్నం తన క్యారియర్‌లో సగం పెట్టేవాడు. ఆయన కూతురు బాబాయ్ అని పిలిచేది. అబద్ధం అతని వృత్తే, కానీ అన్నం పెట్టినవాడి దగ్గర ఆడటం సిగ్గుగా ఉండేది.

ఆ ఉదయం ఎర్ర స్కార్ఫుతో ఓ మేడమ్ షెడ్డు ముందు కారాపింది. ముఠా మనిషి. చాటుగా చీఫ్ మనిషి కూడా.

"వాన పడేలా ఉందా?"

"గొడుగు మర్చిపోయానండీ."

కోడ్ కుదిరింది. నత్త అమ్ముడుపోయాడని నమ్మిన ముఠా పంపిన పైపు చేతులు మారింది. సాక్ష్యంగా పనికొస్తుందని అతను దాన్ని టూల్‌బాక్సులో దాచాడు. ప్రొఫెసర్ కారు కిందకి దూరి, తుప్పు పైపుని కోసి తీసేసి, షెడ్డులో ఉన్న మంచి స్టీలు పైపు బిగించాడు. పని అయిందని చీఫ్‌కి చెప్పడానికి వీధి చివరి ఫోన్ దగ్గరికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి కారు లేదు. అతను బిగించిన పైపు బల్ల మీద ఉంది. టూల్‌బాక్సు ఖాళీ.

జరిగిందేమిటో నత్తకి అర్థమైంది. కొత్తవాళ్ళు బిగించిన జాయింటు తను చూడనిదే మేస్త్రీ బండి బయటికి పంపడు. తప్పుంటే ఒక్కమాట అనకుండా సరిచేస్తాడు, ఎవరి మొహమూ చిన్నబోకూడదని. నత్త బిగించింది కుదరక, టూల్‌బాక్సులో కొలతకి సరిపోయే పైపు కనిపిస్తే అదే వేసుంటాడు. ట్రయల్‌కి వెళ్తే పక్కసీట్లో కూతుర్ని కూర్చోబెట్టుకోవడం ఆయనకి అలవాటు.

వాళ్ళకేమైనా అయితే చంపింది ముఠా కాదు, నేను, అనుకున్నాడు నత్త. పని అయ్యేదాకా చూసి రమ్మని ముఠా చెప్పడంతో మేడమ్ ఇంకా వీధిలోనే ఉంది; తెరిచి ఉన్న తలుపులోంచి నత్త ఆమె కారెక్కాడు. ఎందుకని ఆమె అడగలేదు, యాక్సిలరేటర్ తొక్కింది. వంతెన ఎక్కే చోట పాత కారుకి అడ్డంగా ఆపింది. అప్పటికే సన్నగా పెట్రోలు వాసన వస్తోంది.

"ఇంజను ఆపన్నా. పాపని దింపు."

నత్త కారు కిందకి దూరాడు. అతుకు సాగి, మొదటి చుక్క వేలాడుతోంది. అతుక్కి వెనక, టాంకు వైపున ప్లయర్స్‌తో పైపు నొక్కిపట్టాడు. చుక్క సైలెన్సర్ మీద కాక అతని చేతి మీద పడింది. సైలెన్సర్‌కి తగిలి మోచెయ్యి కాలినా, ఇంజను చల్లారేదాకా పట్టు వదల్లేదు. ఆ నొప్పి తనకి తగిన శిక్షే అనుకున్నాడు.

మంట చూద్దామని పాత కారు వెనకే వ్యానులో వచ్చిన ముఠాని, వాళ్ళని వెంటాడుతున్న చీఫ్ మనుషులు అక్కడే పట్టుకున్నారు. చీఫ్ కరచాలనం చేస్తుంటే నత్త తల వంచుకున్నాడు. మేస్త్రీ దగ్గరికెళ్ళి, తనెవరో, ఎందుకు చేరాడో అంతా చెప్పాడు.

"మీ అన్నం తింటూ మోసం చేశానన్నా. నేను మెకానిక్‌ని కాదు."

మేస్త్రీ అతని కాలిన చేతికి తడిగుడ్డ చుట్టాడు.

"అది మొదటిరోజే తెలిసింది తమ్ముడూ. ఆకలికి అబద్ధమాడావేమో అనుకుని ఊరుకున్నా. గవర్నమెంటు జీతం ఉందని తెలిస్తే, నా క్యారియర్ నేనే తినేవాణ్ణి."