సీసం మానేసిన రేంజి

నాగేశ్వరరావు గదిలోకి వస్తూనే గుంటూరు ఆస్పత్రి రిపోర్టులు బల్లమీద పడేశాడు.

"మా పిల్లలకి సీసం పెడతన్నారయ్యా. ఎవరో నాకు తెలుసు. రుజువు మీరు తెచ్చిపెట్టండి," అన్నాడు. 

నరసరావుపేట బస్టాండు వెనక మేడమీద ఉన్న ఆ గది త్రికోటేశ్వరరావు డిటెక్టివ్ ఏజెన్సీ. పెళ్లి సంబంధాల ఎంక్వయిరీలతోనే దానికి రోజులు గడుస్తుంటాయి. అయినా అసిస్టెంటు జమీర్ దృష్టిలో తన సారును మించిన బుర్ర కృష్ణానదికి ఈవల లేదు. ఆవల సంగతి తను చూడలేదు కాబట్టి ఒట్టెయ్యడు.

"కూర్చోండి. మొదటి నుంచి చెప్పండి," అన్నాడు త్రికోటేశ్వరరావు.

నాగేశ్వరరావుది గురజాల దగ్గర పల్లె. మిరప, పత్తి పండించే మోతుబరి, ఒకప్పటి సర్పంచి. కూతురు శ్రీదివ్య ఇంటర్ చదువుతూ నరసరావుపేటలో జోయెల్ అనే కోచ్ నడిపే షూటింగ్ రేంజిలో ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. మూసిన హాల్లో సీసపు గుళ్లు కాలిస్తే ఆ పొడి పిల్లల రక్తంలోకి పోతుందని తెలిసి, జోయెల్ కిందటేడు వాటిని నిషేధించాడు. తగరం గుళ్లు తప్ప మరోటి హాల్లోకి రానివ్వనని బోర్డు పెట్టాడు.

"బోర్డు పెడితే నా కూతురి రక్తంలో సీసం ఎందుకు పెరిగిద్ది? నాలుగేళ్ల మా పవన్‌గాడు వసపిట్టలాగా వాగేవోడు. వచ్చిన మాటలు ఒక్కోటే పోతన్నయ్యి. అక్క బట్టల మీద దుమ్మేగా వాడికంటింది? జోయెల్ దొంగచాటుగా సీసం వాడతన్నాడు. కంప్లైంటిచ్చి రేంజికి తాళం వేయించా. ఇంక జైలే మిగిలింది."

"బాబు ఇప్పుడేం మాట్లాడుతున్నాడు?"

నాగేశ్వరరావు తల వంచుకున్నాడు. "మొన్నటిదాకా అమ్మా అనేవోడు. నిన్న అదీ అనలా."

త్రికోటేశ్వరరావు, జమీర్ వెళ్లేసరికి జోయెల్ మూతబడ్డ రేంజి మెట్లమీద కూర్చుని ఉన్నాడు. బోర్డు ఇంకా తలుపు మీదే ఉంది.

"పొద్దస్తమానం ఈ హాల్లో ఉండేది నేను సార్. నా రక్తం తీయించండి," అన్నాడు.

"తప్పకుండా. శ్రీదివ్య ఎలా కాలుస్తుంది?"

"బంగారం సార్. కానీ తగరం గుండు తేలిక. సీసానికి అలవాటుపడ్డ గురి చెదిరిద్ది. ఈ పిల్లకీ స్కోరు పడిపోయింది, వాళ్ల నాన్న నా మీద ఇంతెత్తున లేచాడు. పోటీల్లో సీసం ఇంకా వాడనిస్తన్నారు గదా. అక్కడ సీసం గుళ్లు చేతికిస్తే ఎన్నడూ లేనంత బాగా కొట్టింది. అదే నాకు అంతుపట్టలా."

"పుట్టుకతో వచ్చిన విద్య సార్," అన్నాడు జమీర్. 

మర్నాడు ఇద్దరూ గురజాల వైపు వెళ్లారు. నాగేశ్వరరావు తల్లి పార్వతమ్మ వసారాలో పొట్ట పట్టుకుని పడుకుని ఉంది.

"కడుపులో ఒకటే నొప్పి నాయనా. వాకిలి దాటి ఏడాదైంది," అంది.

"పెద్దమ్మా, మీరూ ఒకసారి రక్తం ఇవ్వండి. ఇంట్లో అందరూ ఇవ్వాలి."

శ్రీదివ్యను పిలిచి, "ఇంటి దగ్గర ప్రాక్టీసు చేస్తావా అమ్మాయ్?" అని అడిగాడు. ఆ పిల్ల తండ్రి వైపు చూసి, "లేదండి," అంది.

ఇంటి వెనక గోడౌను దాదాపు ఖాళీ. అమ్మకం సరుకు గుంటూరు కోల్డ్ స్టోరేజికి పోయింది. తిండికి ఉంచుకున్న మిరపకాయలు తొక్కి కుట్టిన గోనె బస్తాలు, టిక్కీలంటారు, రెండు మాత్రం అవతలి గోడకు ఒకదానిమీద ఒకటి నిలబెట్టి ఉన్నాయి. పైదాని నడుమ రూపాయి బిళ్లంత మేర గోనె పీచు రేగింది.

"ఎలక కొట్టింది," అన్నాడు నాగేశ్వరరావు.

ఇవతలి కొసన నేలమీద తెల్లగీత ఉంది. కాటా పెట్టే చోటు కాబోలు అనుకున్నాడు జమీర్.

వచ్చేటప్పుడు త్రికోటేశ్వరరావు, నాగేశ్వరరావు భార్య ఇందిరను పిలిచి, "మీ ఇంటి కారం కాస్త పెట్టండమ్మా. మా ఇంట్లో నిండుకుంది," అన్నాడు. కేసుకొచ్చి కారం అడగడమేమిటని జమీర్‌కు తల కొట్టేసినట్టయింది.

రక్తం రిపోర్టులు వచ్చాక త్రికోటేశ్వరరావు అందరినీ ఆ వసారాలోనే కూర్చోబెట్టాడు. జోయెల్‌ను కూడా రప్పించాడు. అతన్ని చూడగానే నాగేశ్వరరావు మొహం తిప్పుకున్నాడు.

"జోయెల్ రక్తంలో సీసం చాలా తక్కువ. ఆ హాల్లో గాలి పీల్చేది అందరికంటే అతనే. వాకిలి దాటని పెద్దమ్మకు మనవరాలితో సమానంగా ఉంది. ఇందిరమ్మకూ అంతే. అందరికంటే ఎక్కువ మీకే, నాగేశ్వరరావు గారూ."

"నాకా?"

త్రికోటేశ్వరరావు గిన్నెలో నీళ్లు పోసి, ఆ ఇంటి కారం కలిపి, బియ్యం కడిగినట్టు తేటను మెల్లగా వంచేశాడు. మళ్లీ నీళ్లు పోసి మళ్లీ వంచాడు. ఎరుపంతా పోయాక అడుగున బూడిదరంగు రజను మిగిలింది. దాన్ని తన తెల్ల పంచె కొంగుమీదికి తీసి నాగేశ్వరరావుకు చూపించాడు.

"ఇది సీసం. ఎలుక కొడితే టిక్కీ అడుగున కొడుతుంది, ఛాతీ ఎత్తున కొట్టదు. ఆ చిల్లుకు ఎదురుగా, ఎయిర్ రైఫిల్ పోటీల్లో ఉండే పది మీటర్ల దూరంలోనే గీత ఉంది. రేంజిలో తగరంతోనే కాల్చే పిల్లకు పోటీల్లో సీసం అంత బాగా ఎలా కుదిరింది? ఎక్కడో రోజూ సీసంతోనే కాలుస్తోంది కాబట్టి."

శ్రీదివ్య భోరుమంది. "చెప్పొద్దన్నాడండీ నాన్న."

నాగేశ్వరరావు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మెడల్ వస్తే సీటొచ్చిద్దని ఆశపడ్డా. గోడకి కొడితే గుండు ఎగిరొచ్చి పిల్లకి తగిలిద్దని టిక్కీలు అడ్డం పెట్టా. ఎండాకాలం అట్టాంటి టిక్కీల కాయల్ని కారం ఆడించేటప్పుడు కనపడ్డ గుళ్లన్నీ ఏరాను. లోపల ఉండిపోయినయ్యి మిల్లులో అయస్కాంతం పట్టుద్దిలే అనుకున్నా. మేకుల్ని పట్టుద్ది గదా."

"మేకులు ఇనుము. సీసాన్ని అయస్కాంతం పట్టదండీ. అది కాయలతో పాటే నలిగింది. ఇంట్లో కారం ఎక్కువ తినేది మీరు గనక మీకే ఎక్కువ చేరింది. జోయెల్ హాల్లోంచి తరిమేసిన సీసాన్ని మీరు తెచ్చి వంటింట్లో పెట్టుకున్నారు."

పార్వతమ్మ మనవరాలిని దగ్గరికి తీసుకుంది. కొడుకును తిడుతుందేమోనని అందరూ చూశారు.

"నా మీద కేసు పెట్టండి," అన్నాడు నాగేశ్వరరావు.

"పెడితే మీకు తేలికవుతుంది, పిల్లలకు ఒరిగేదేం లేదు," అన్నాడు త్రికోటేశ్వరరావు.

జోయెల్ లేచాడు. "రేంజి తెరవనిస్తారేమో సార్. పిల్లల్ని ఎవరు పంపుతారు? సీసం అన్న మాట ఊరంతా తిరిగింది," అన్నాడు. శ్రీదివ్య తలమీద చెయ్యి వేసి, నాగేశ్వరరావు వైపు చూడకుండా బండెక్కి వెళ్లిపోయాడు.

అప్పటిదాకా గుమ్మాన్ని పట్టుకు నిలబడ్డ ఇందిర అడిగింది. "మా వాడికి మాటలొస్తయ్యా అన్నయ్యా?"

అబద్ధం చెప్పాలని త్రికోటేశ్వరరావుకు గట్టిగా అనిపించింది. ఇంత కష్టపడి కనిపెట్టినందుకు జీవితంలో మొదటిసారి బాధపడ్డాడు.

"డాక్టరుతో మాట్లాడానమ్మా. రక్తంలోది మందులతో తగ్గిస్తారట. మెదడుకు జరిగినదాన్ని మాత్రం వెనక్కి తేలేమన్నారు."

ఇందిర ఏడవలేదు. పవన్ ఆకలేసి ఆమె కొంగు పట్టుకు లాగుతున్నాడు. వాణ్ని లోపలికి తీసుకెళ్లి పెరుగన్నం కలిపి పెట్టింది. ఆ ఇంట్లో పచ్చళ్లన్నీ ఆ కారంతో పెట్టినవే. వాడు కంచం తోసేసి, రోజూ ముద్ద కలిపి పెట్టే ఆవకాయ జాడీ వైపు వేలు చూపించాడు. ఆమె కదలకపోతే వేలు అటే ఊపాడు.

"నోటితో అడుగు నాయనా," అంది ఇందిర. ఇప్పుడు ఏడుస్తోంది. "ఒక్కసారి అడుగు. పేరు చెప్పు, పెడతా."

పవన్ తల్లి మొహంలోకి చూసి, మళ్లీ జాడీ వైపే వేలు చూపించాడు.