తలకిందుల ముద్ర

పాత కాగితాల కౌంటర్‌లో మినోరి నన్ను మొదటిసారి చూసినప్పుడు నా ముఖం చూడలేదు, కాళ్ళు చూసింది. ఆమెను తప్పు పట్టలేను. కసగి రబ్బర్ కంపెనీలో ఎవరైనా ముందు ఎదుటివాళ్ళ కాళ్ళే చూస్తారు. వానబూట్లు చేసేవాళ్ళకు అదొక జబ్బు. కురుమే ఊళ్ళో వానాకాలం మొదలై అప్పటికి నాలుగు రోజులు. నేనేమో టోక్యో నుంచి తోలుబూట్లు వేసుకుని వచ్చాను. అవి టీలో ముంచిన రొట్టెల్లా తయారయ్యాయి.

"మెషీన్ మనిషి మీరేనా?" అంది.

"నేనే. ఇసురుగి. ముప్పై ఏళ్ళ ప్రతిపాదన కాగితాలు కావాలి. మొత్తం అన్నీ."

"అర్జీ రాసి, మీ పేరుముద్ర వేసి ఇవ్వండి."

నాకు నవ్వొచ్చింది. నేను వచ్చిందే ఆ ముద్రల గోల తగ్గించడానికి. ఆ కంపెనీలో ఏ నిర్ణయమైనా కాగితం మీద రాయాలి. ఆ కాగితం బల్ల బల్లకీ తిరగాలి. గుమాస్తా నుంచి ప్రెసిడెంట్ దాకా ఒక్కొక్కరూ చదివి, తమ ఎర్రటి ముద్ర వేయాలి. క్యాంటీన్‌కి కొత్త కెటిల్ కొనాలన్నా పదకొండు ముద్రలు, నెల రోజులు. నా మెషీన్ ఆ పాత కాగితాలన్నీ చదివి నేర్చుకుంటుంది. కొత్త ప్రతిపాదన చూపిస్తే, దీనికి ఎంతమంది ఒప్పుకుంటారో నిమిషంలో చెప్పేస్తుంది. ప్రెసిడెంట్ కసగిగారు ఆ మాట నమ్మారు. నేను ఆవిడకన్నా ఎక్కువ నమ్మాను.

"ముద్రల బాధ తప్పించడానికి వచ్చినవాణ్ణి. నన్నే ముద్ర అడుగుతారా?"

"తప్పేదాకా ఉంటుంది కదా బాధ" అంది, తల ఎత్తకుండానే.

నా ఇంటిపేరు అరుదు. దుకాణాల్లో రెడీమేడ్ ముద్రల మధ్య దొరకదు. బజారులో చెక్కే ముసలాయన మూడు రోజులు ఆగమన్నాడు. ఆ మూడు రోజులూ పొద్దునా సాయంత్రం మినోరి కౌంటర్ దగ్గరికి వెళ్ళి, ముద్ర ఇంకా రాలేదని చెప్పి వచ్చాను. ఫోన్ చేసినా సరిపోయేది. ఆ ముక్క ఆమె కూడా అంది.

నాలుగో రోజు ముద్ర వేసిన అర్జీ చేతికిచ్చాను. కాగితం చూసింది, నన్ను చూసింది.

"మీ అర్జీ అంటే మీకే ఇష్టం లేదా?"

చూస్తే నా పేరు తలకిందులుగా పడింది. ఏడిపిస్తోందనుకున్నాను. ఆమె నా వేలు పట్టుకుని ముద్ర పక్కన ఉన్న చిన్న గాటు మీద పెట్టింది. ఈ గాటు వేలికి తగిలేలా పట్టుకుంటే కళ్ళు మూసుకుని వేసినా పేరు నిటారుగా పడుతుందట. ఒక గాటు చూపించడానికి ఎంతసేపు కావాలో అంతసేపే ఆమె వేలు నా వేలి మీద ఉంది. ఇంకాస్త ఎక్కువసేపు ఉందేమో కూడా. లెక్కలు కట్టడమే వృత్తిగా బతికేవాణ్ణి, ఆ ఒక్క లెక్క వారమైనా తేలలేదు.

మూడు వారాలు ఇద్దరం కాగితాల గదిలో కూర్చున్నాం. ఆమె ఫైళ్ళు విప్పుతుంది, నేను స్కానర్‌కి తినిపిస్తాను. కిటికీ అవతల వాన. మధ్యాహ్నం ఆమె అన్నం ముద్దలు తెచ్చేది. ఉప్పు చేప పెట్టినవి తను తినేసి, పుల్లటి రేగు ఊరగాయ పెట్టినవి నావైపు జరిపేది. అతిథి మర్యాద అనేది. నాకు ఆ పులుపు పడదని తెలిశాక రెండు జరపడం మొదలుపెట్టింది.

ఆ గదిలోనే వాళ్ళ నాన్న సంగతి చెప్పింది. కోగా షిగెహరుగారు పిల్లల బూట్ల షెడ్‌కి మేస్త్రీ. ఆ షెడ్‌లో పద్నాలుగు మంది పసుపురంగు చిన్న బూట్లు చేత్తో అతికిస్తారు. ప్రతి జతా ఆయనే చూసి, పెట్టెలో ఒక తనిఖీ చీటీ పెట్టి, దాని మీద తన ముద్ర వేస్తారు. తనకు అక్షరాలు రాకముందే ఆ చీటీ మీద తమ ఇంటిపేరు చదివేదట.

ఒకరోజు నా బల్ల మీద పెట్టె ఉంది. నీలం వానబూట్లు, సరిగ్గా నా కొలత. కొలత ఎలా తెలిసిందని అడిగాను.

"రోజూ మా నేల తడిపి పోతున్నారు కదా. అడుగులు కొలిచాను."

ఆ రాత్రి బూట్లు విప్పకుండా గదంతా తిరిగాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, అప్పటికే మునిగిపోయాను.

జూలై మొదట్లో మెషీన్ సిద్ధమైంది. ముద్రల మీద పేర్లు చదవడంలో వెయ్యికి నాలుగు తప్పులు కూడా లేవు. క్యాంటీన్ ఆడవాళ్ళు దానికి ఇల్లరికపు అల్లుడని పేరు పెట్టారు. పైఅంతస్తులో చల్లగా కూర్చుంటుంది, పల్లెత్తు మాట అనడానికి ఎవరికీ ధైర్యం లేదు.

ఆ బుధవారం మినోరిని భోజనానికి పిలుద్దామని గట్టిగా అనుకున్నాను. ఆ రోజే ప్రణాళికా విభాగం డైరెక్టర్ నగమత్సు మెషీన్ ముందు ఒక ప్రతిపాదన పెట్టాడు. పిల్లల బూట్ల షెడ్ మూసేయాలి. ఆ పని విదేశంలో చేయించాలి. పద్నాలుగు మందినీ దూరాన షిజువోకా గిడ్డంగికి పంపాలి.

తొంభై ఏడు శాతం సమ్మతి అని చెప్పింది మెషీన్.

మీటింగ్‌లో పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, తర్వాత తెర చూశారు. అందరూ ఒప్పుకుంటున్నప్పుడు ఇంకేముంది అన్నాడొకాయన. ఇక కాగితం బల్ల బల్లకీ తిరగక్కర్లేదని, శుక్రవారం ప్రెసిడెంట్ ముద్ర ఒక్కటి వేస్తే చాలని తేల్చారు. ఒక్క క్షణం నా ఛాతీ పొంగింది. తర్వాత పద్నాలుగు పేర్ల జాబితా చూశాను. మొదటి పేరు కోగా షిగెహరు.

నేను మెట్లు దిగి వెళ్ళేసరికి మినోరికి సంగతి చేరిపోయింది.

"అమ్మ పోయాక నాన్న ఒంటరిగా వండుకుని ఎరగరు. నేనూ ఆయనతో షిజువోకా వెళ్తాను" అంది. కౌంటర్‌లో అందరితో మాట్లాడే గొంతుతోనే అంది. అదే నాకు ఎక్కువ బాధేసింది.

ఏదో ఒకటి అనాలి కదా. ఇదివరకు నాలుగుసార్లు ఆ షెడ్ పని తగ్గించారు, నాలుగుసార్లూ మీ నాన్నగారే ముద్ర వేశారు, మెషీన్ అదే చూసి చెప్పింది అన్నాను.

"వేశారు. ఎలా వేశారో చూశారా?"

ఆమె నాలుగు కాగితాలు తెచ్చి నా ముందు పరిచింది. ఇరవై ఏళ్ళ నాటి మొదటిది, ఎర్ర బూట్లు ఆపేయాలన్నది. అందులో కోగా అన్న పేరు తలకిందులుగా ఉంది. రెండోదాంట్లో కూడా. మూడు, నాలుగు కూడా. ఆయనొక్కరే కాదు. పక్కన రవాణా ఆయన, డిజైన్ వాళ్ళిద్దరు, ఇంకా చాలామంది ముద్రలు కాళ్ళు పైకి పెట్టుకుని ఉన్నాయి.

"గాటున్న ముద్ర పొరపాటున తిరగబడదు. ఇక్కడి పెద్దవాళ్ళు నోటితో కాదనలేరు. నాకిష్టం లేదు, అయినా అడ్డుపడను అని ఇలా చెప్తారు. మీరు అర్జీ ఇచ్చిన రోజే మిమ్మల్ని అడిగాను."

అప్పుడు తట్టింది నాకు. ముద్రలు వంకరగా పడితే పేరు చదవడం కష్టమని, ప్రతి ముద్రనూ ముందు నిటారుగా తిప్పి, ఆ తర్వాతే మెషీన్‌కి చూపించేలా రాసింది నేనే. ముప్పై ఏళ్ళుగా వీళ్ళు మర్యాదగా చెప్పిన ప్రతి 'కాదు'నూ పట్టుకుని నిలబెట్టి 'అవును' చేశాను. పైగా బాగా చదువుతోందని మురిసిపోయాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ఇప్పుడేం చేస్తారు?" అంది.

"ప్రెసిడెంట్‌గారికి చెప్తాను. చెప్తే మా కంపెనీ నన్ను ఈ పనిలోంచి తీసేసి టోక్యో పిలిపించుకుంటుందేమో."

"చెప్పకపోతే నేను షిజువోకా పోతాను."

"అంటే ఎటైనా మనిద్దరం... అది మీకు బాధగా ఉందా కోగా సాన్?"

"ముందు పని చూడండి ఇసురుగి సాన్" అంది. కానీ చెవులు ఎర్రబడ్డది ఈసారి ఆమెకు.

రెండు రోజులు కూర్చుని ఆ తిప్పే పనిని తీసేశాం. ముద్ర ఎలా పడిందో అలాగే చూపించి, మెషీన్‌కి మళ్ళీ మొదటినుంచి నేర్పించాం. గురువు నేను కాదు, మినోరి. కాస్త ఎడమకు వాలినది పై అధికారి ముద్రకు వంగి నమస్కారం పెట్టడమట. అడ్డదిడ్డంగా పడినది భోజనం తర్వాతి కునుకట. తిరగబడినదే అసలు కాదనడం. ఆమె ఒక్కొక్కటీ చెప్తుంటే మెషీన్, నేనూ కలిసి నేర్చుకున్నాం. నాకన్నా అదే త్వరగా నేర్చుకుంది. నా చూపు కాగితాల మీద నిలవలేదు మరి.

శుక్రవారం పొద్దున ప్రెసిడెంట్ గదిలో, ముద్రలు వేసే పెద్దలందరి ముందు తల వంచి నిలబడ్డాను. మెషీన్ తప్పు లేదని, దానికి నేనే తప్పుగా చూపించానని చెప్పాను. తొంభై ఏడు ఇప్పుడు ముప్పై నాలుగు అయిందని చెప్పాను. నగమత్సు గొంతు సవరించుకున్నాడు. గోడ పక్కన పనిబట్టల్లో షిగెహరుగారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన నా బూట్లే చూస్తున్నారు.

కసగిగారికి డెబ్బై దాటాయి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పాత కాగితాలు ఒక్కొక్కటే చూశారు. ఎర్ర బూట్ల కాగితం దగ్గర ఆగిపోయారు.

"ఇది నాది" అన్నారు చివరికి, ఒక ముద్ర మీద వేలు పెట్టి. "అప్పుడు మా నాన్నగారు ప్రెసిడెంట్. నాకిష్టం లేక తిప్పి వేశాను. నేనొక్కదాన్నే అనుకున్నాను."

ఆవిడ బల్ల చుట్టూ చూశారు.

"నేనొక్కణ్ణే అనుకున్నవాళ్ళు ఇంకా ఎవరున్నారు?"

ముందు షిగెహరుగారి చెయ్యి లేచింది. తర్వాత రవాణా ఆయనది. చివరికి నగమత్సు కూడా చెయ్యి సగం ఎత్తాడు. మిగతా అందరికీ ఇదే కావాలేమోనని ఈ ప్రతిపాదన రాశానని నసిగాడు. కసగిగారు నవ్వడం మొదలుపెట్టాక ఆ గదిలో నవ్వు ఆపడం ఎవరి వల్లా కాలేదు.

షెడ్ నిలిచింది. మెషీన్ కూడా ఉంది, కానీ కొత్త కొలువులో. ఇప్పుడది అంకె చెప్పి ఊరుకోదు. ఎవరి ముద్ర తిరగబడబోతోందో ముందే గమనించి, నిర్ణయానికి ముందు వాళ్ళను కారణం అడుగుతుంది. మొదటి నెలలో నలభై జవాబులొచ్చాయి. ఒకటి క్యాంటీన్ కూర మీద. టోక్యోలో నాకు రెండు రోజులు అక్షింతలు పడ్డాయి. అందరూ వద్దనుకుంటున్న కురుమే ఉద్యోగం నాకే ఇమ్మని అడిగి తీసుకుని తిరిగొచ్చాను.

వచ్చిన రోజే మినోరి కౌంటర్ మీద ఒక ప్రతిపాదన కాగితం పెట్టాను. విషయం, ఆదివారం ఇద్దరం యాకితోరి కోడిముక్కలు తినడానికి వెళ్ళడం. కారణం, ప్రతిపాదించినవాడు మూడు వారాలు రేగు ఊరగాయ నోరు మూసుకుని తిన్నాడు. కింద నా ముద్ర, గాటు చూసుకుని నిటారుగా వేసింది.

ఆమె చదివింది. సొరుగులోంచి ముద్ర తీసి, గాటు తడిమి, కావాలనే తిప్పి వేసింది.

కొత్త నియమం ప్రకారం కారణం అడిగాను.

"ఆదివారం నాకిష్టం లేదు. చాలా రోజులుంది. ఈ సాయంత్రమే వెళ్దాం."

ఏడాదిన్నర తర్వాత వాళ్ళింట్లో వంటగది బల్ల మీద పెళ్ళి నమోదు ఫారం పరిచాం. ఇంటిపేరు నాది పెట్టుకుంటానంది మినోరి, ముద్రకోసం మూడు రోజులు ఆగే ఓపిక తనకుందని. సాక్షిగా షిగెహరుగారు సంతకం చేశారు. ఈ రోజుల్లో ఆ ఫారానికి ముద్ర అక్కర్లేదు. అయినా ఆయన జేబులోంచి తీశారు. వేలితో గాటు తడిమారు. ముద్రను నెమ్మదిగా తిప్పి, నొక్కారు.

కోగా అన్న పేరు తలకిందులుగా పడింది.

"నాన్నా" అంది మినోరి.

"పెళ్ళికి కాదమ్మా. కుర్రాడు మంచివాడే. నువ్వు ఈ ఇల్లు వదిలి వెళ్ళడం నాకిష్టం లేదు." ముద్రను జేబులో పెట్టుకుని, "అడ్డుపడను" అన్నారు. ముద్రతో చెప్పే మాటను ఆయన నోటితో చెప్పడం అదే మొదటిసారట. మినోరి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు. బయల్దేరేటప్పుడు ఆయన ఒక పెట్టె నా చేతిలో పెట్టి, పనయ్యాక విప్పమన్నారు.

నగర కార్యాలయంలో కిటికీ అవతలి అమ్మాయి ఫారం చూసి, పెద్దాయన ముద్ర తిరగబడిందే, ఇంకో ఫారం ఇవ్వనా అని మర్యాదగా అడిగింది.

"వద్దండి" అన్నాను. "దాన్ని నిటారుగా చెయ్యకండి. అది అలాగే ఉండాలి."

బయట వాన. మెట్ల మీద చూరు కింద నిలబడి పెట్టె విప్పాం. పసుపురంగు బూట్లు, ఒక్కొక్కటి నా అరచేతిలో ఇమిడేంత. చేసిన తారీఖు ఆ రోజుదే. అడుగున తనిఖీ చీటీ. దాని మీద కోగా అని ఎర్రటి ముద్ర, అటూ ఇటూ వెంట్రుకవాసి వాలకుండా నిటారుగా.

మినోరి ఆ చీటీ చూసింది, నన్ను చూసింది. చెవుల దాకా ఎర్రబడి నవ్వింది.

"దీనికి మాత్రం నాన్నకి ఏ అభ్యంతరమూ లేదు" అంది.