తొమ్మిదో మంచం నాడి

మధ్యాహ్నపు మందులకు గడువు నాలుగు నిమిషాలు, మంచాలు పన్నెండు. నర్సు సువార్త బల్ల దగ్గరే నిలబడి, అట్టముక్క మీద వరసగా అంటించుకున్న రోగుల చేతి గుర్తుచీటీల పన్నెండు నకళ్ళనూ యంత్రం చేత చదివించింది. ఒక్కోదానికీ, ఆసుపత్రి రికార్డు రాసే సాక్షి యంత్రం గోడమీద ‘అందింది’ అని పచ్చగా వెలిగింది. ఆ తర్వాతే ఆమె మందుపట్టీల పళ్ళెం పట్టుకుని మంచాల వైపు నడిచింది. మూడో అంతస్తు నర్సులందరూ అలాగే చేస్తారు. మంచం మంచానికీ ఆగితే గడువు దాటుతుంది, దాటితే మణికట్టు మీద వెలిగే విశ్వాసరేఖ కురచవుతుంది; అది చెరిగిపోతే ఎక్కడా పని దొరకదు.

తిరిగొచ్చి పళ్ళెం చూసుకుంది. తొమ్మిదో గడిలో పట్టీ అలాగే ఉంది. ఆరో గడి ఖాళీగా ఉంది. కానీ ఆరో మంచం ఆయన స్నానానికి వెళ్ళి ఇంకా రానేలేదు.

సువార్త తొమ్మిది దగ్గరకు పరుగెత్తింది. మోకాలి చికిత్సకు వచ్చిన అప్పలనరసమ్మ భుజం మీద పట్టీ అప్పటికే చర్మంలో కరిగిపోయింది. గుండెను నెమ్మదింపజేసే మందు అది.

“ఏటమ్మా, ముకం అలాగైపోనాది? కూడు తిన్నేదేటి?” అంది అప్పలనరసమ్మ మగతగా.

మంచం ఎదుటి తెర మీద నాడి యాభై ఎనిమిది. యాభై రెండు. సాక్షి మీద అక్షరాలు వచ్చాయి: ‘కారణం: రోగి గుండె బలహీనత. గుండెకు గతికారిణి (పేస్‌మేకర్) అమర్చే శస్త్రచికిత్స: ఇరవై నిమిషాల్లో.’

హెడ్ సిస్టర్ దమయంతి వచ్చి పళ్ళెం చూసింది. ఆమెకు చెప్పాల్సిన పని లేకపోయింది.

“నోరు తెరవకు. రికార్డు శుభ్రంగా ఉంది.”

“ఈ మందు ఒంట్లో ఉండగా మత్తిస్తే గుండె ఆగిపోతుంది మేడమ్. తప్పు నమోదు చేస్తే గాని విరుగుడు అల్మరా తెరుచుకోదు.”

“ఆగకపోవచ్చు కూడా. పోయినేడు మన కరుణకుమారి ఇలాగే తప్పు ఒప్పుకుంది. ఇప్పుడు ఏ ఆసుపత్రి తలుపూ దానికి తెరుచుకోదు. అయినా ఆ అట్టలు నీ ఒక్కదాని దగ్గరే ఉన్నాయా? అందరి పొట్టా కొడతావా?”

స్ట్రెచర్ తనంతట తానే దొర్లుకుంటూ వచ్చి తొమ్మిది పక్కన ఆగింది. నాడి నలభై ఏడు.

ఆమె సాక్షి మీద చెయ్యి ఆనించింది. “తప్పు చేశాను. ఆరుకు వెయ్యాల్సింది తొమ్మిదికి వేశాను.”

“రికార్డుతో సరిపోలడం లేదు,” అంది సాక్షి మృదువుగా. “ఆరుకు అందింది. ఇది అలసట వల్ల కలిగిన భ్రమ కావచ్చు. విశ్రాంతి తీసుకుంటారా?”

అవునంటే చాలు, అంతా సర్దుకుపోతుంది. సువార్తకు ఏడుపొచ్చింది.

“మంచం దగ్గర చదివించలేదు. బల్ల దగ్గరే చదివించాను.”

“ఎప్పటినుంచి?”

దమయంతి వెనకనుంచి ఆమె భుజం పట్టి లాగింది. ఇవాళే అంటే ఉద్యోగం పోయేది తనొక్కదానికే. కానీ పోయిన నెల నాలుగో మంచం మనిషికి కూడా సాక్షి రాసింది ‘రోగి గుండె బలహీనత’ అనే. ఆయన శస్త్రచికిత్సకు వెళ్ళి తిరిగి రాలేదు.

“చేరినప్పటినుంచి. అందరం అంతే.”

అల్మరా తలుపు తెరుచుకుంది. గోడమీద పచ్చదీపాలు వరసగా ఆరిపోయాయి. ఇన్నాళ్ళ రికార్డంతా చెల్లదన్నట్టు, ప్రతి మంచం ఎదుటా అంకెలు పోయి ‘తెలియదు’ అన్న మాట వచ్చింది. తర్వాత పక్క వార్డులో, ఆ తర్వాత పై అంతస్తులో. స్ట్రెచర్ కదలకుండా నిలిచిపోయింది.

సువార్త విరుగుడు పట్టీ ఒలిచి అప్పలనరసమ్మ భుజానికి అదిమిపెట్టింది. నాడి చూడాలంటే ఇప్పుడు అంకెలు లేవు. మణికట్టు పట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

వెనక ఒకటో మంచం దగ్గర దమయంతి వంగి అడుగుతోంది. “అయ్యా, మీ పేరేంటి? పొద్దున్నుంచి మీకు మేం ఏం మందిచ్చాం?”